లూప్ లైన్లో ఇరవై నిమిషాలు

కోవిడ్ తర్వాత పాసింజరు రైళ్ళు ఒక్కొక్కటిగా మళ్ళీ పట్టాలెక్కుతున్న ఏడాది, రిటైర్మెంటుకు కొద్దికాలమే ఉందనగా, నన్ను గుడివాడ సెక్షన్ కంట్రోల్ బోర్డు మీద కూర్చోబెట్టారు. చాలా ఏళ్ళుగా నా హోదా సెక్షన్ కంట్రోలర్. కంట్రోలర్ రైలు నడపడు, జెండా ఊపడు. బెజవాడలో ఒక ఏసీ గదిలో కూర్చుని, ఏ బండి ముందు పోవాలో, ఏది ఆగాలో స్టేషన్ మాస్టర్లకు ఫోన్లో చెబుతాడు. ఆయన చార్టులో ప్రతి బండీ ఒక గీత.

పొద్దున గుడివాడ నుంచి బెజవాడ వచ్చే పాసింజరును, ఊరు ఇంకా రెండు స్టేషన్ల దూరం ఉందనగా లూప్‌లో, అంటే పక్క లైన్లో పెట్టి, వెనకొచ్చే సూపర్‌ఫాస్టును ముందుకు పంపడం నా దినచర్య. రూలు ప్రకారం సరైన పనే. పాసింజరు ఇరవై నిమిషాలు నిలబడేది, సూపర్‌ఫాస్టు టైముకు చేరేది. సమీక్షల్లో నన్ను మెచ్చుకునేవారు కూడా.

ఒకరోజు ఆ పాసింజరు ప్రయాణికులు, రోజూ ఇలా ఆపొద్దని సంతకాలతో అర్జీ పెట్టారు. మా ఆఫీసరుగారు దాన్ని నా చేతికిచ్చి, జవాబు రాసేముందు మూడు రోజులు ఆ బండెక్కి రమ్మన్నారు. అంత సర్వీసులో నేనా పాసింజరు ఒక్కసారీ ఎక్కలేదని ఆయనకెలా తెలిసిందో ఇప్పటికీ అర్థం కాలేదు.

మొదటి రోజు నా ఎదుట మస్తాన్‌బీ కూర్చుంది. బెజవాడ వన్‌టౌన్‌లో ఒక బట్టల షాపుకు జాకెట్లు కుట్టే మనిషి. హుక్కులు మాత్రం బండిలోనే కుట్టేది. పక్కన లక్ష్మి, ఒక ల్యాబులో రక్తం శాంపిళ్ళు తీసే అమ్మాయి. మిగిలినవాళ్ళు షాపుల షట్టర్లు ఎత్తేవాళ్ళు, హోటళ్ళలో కూరలు తరిగేవాళ్ళు, ఆకుకూరల మూటలతో వచ్చేవాళ్ళు. రోజూ బస్సులో వస్తే ఉద్యోగం గిట్టదని అందరూ ఒకే మాట చెప్పారు.

బండి లూప్‌లో ఆగితే ఎవరూ తల ఎత్తలేదు. కొత్తవాణ్ణి కదా అని మస్తాన్‌బీ నాకు విడమరిచింది.

"కంట్రోల్లో ఒకాయనుంటాడంటండీ. మన బండి ఇక్కడికి రాగానే ఆయనకి టీ టైమవుద్ది. తాగేదాకా మనం ఆగాలి."

ఆయనకు టీ పడదని చెప్పలేకపోయాను. ఆమె పెట్టిన గారె తిన్నాను. తిన్నాక నిజం చెప్పడం మరింత కష్టమైంది.

మూడో రోజు లక్ష్మి మాటిమాటికీ కిటికీలోంచి ముందుకు తొంగిచూస్తోంది. ఇంకొక్కసారి ఆలస్యమైతే రానక్కర్లేదని ల్యాబు యజమాని ముందురోజే చెప్పాడట. పరగడుపున వచ్చిన షుగరు పేషెంట్లను కూర్చోబెట్టడం ఆయనకూ కష్టమే. బండి మళ్ళీ లూప్‌లో ఆగింది.

నేను దిగి స్టేషన్ మాస్టరు గదికి వెళ్ళి, నా బదులు బోర్డు మీదున్న సహోద్యోగిని ఫోన్లో సూపర్‌ఫాస్టు ఎక్కడుందని అడిగాను. ఆ రోజు అదే ఆలస్యంగా నడుస్తోంది. అయినా అలవాటు కొద్దీ పాసింజరును ఆపాడు. ఆ అలవాటు నేర్పింది నేనే. ముందు పాసింజరును వదలమన్నాను. సూపర్‌ఫాస్టు ఆగితే ఎక్స్‌ప్లనేషన్ ఎవరిస్తారన్నాడు. నా పేరు రాసుకోమన్నాను.

నేను ఎక్కగానే బండి కదిలింది. స్టేషన్ మాస్టరుకు చూపించడానికి జేబులోంచి తీసి మెడలో వేసుకున్న గుర్తింపు కార్డు అలాగే ఉండిపోయింది. మస్తాన్‌బీ సూది ఆపి దాన్ని నిదానంగా చదివింది.

"మీరేనాండీ ఆయన?"

అవునన్నాను.

"మరి మూడ్రోజుల్నించీ మా గారెలు తింటన్నారే."

పెట్టె అంతా నవ్వింది. లక్ష్మి మాత్రం ఫోన్లో టైము చూసుకుంటూ కూర్చుంది. బెజవాడలో బండి ఆగగానే దిగి పరుగెత్తింది. సమయానికే చేరిందని మర్నాడు బండి వేళకు స్టేషన్‌కు వెళితే మస్తాన్‌బీ చెప్పింది.

సూపర్‌ఫాస్టు బెజవాడ బయట ఔటర్ సిగ్నల్ దగ్గర రెండు నిమిషాలు ఆగింది. వివరణ రాసిచ్చాను. దాంతోపాటే, సూపర్‌ఫాస్టు కంటే ముందే బెజవాడ చేరేలా పాసింజరు గుడివాడలో పావుగంట ముందు బయల్దేరాలని ప్రతిపాదన పెట్టాను. కొత్త టైంటేబుల్లో అది వచ్చింది, లూప్‌లో ఆగడం తప్పింది. పావుగంట ముందు లేవాల్సి వస్తోందని మొదటి ఫిర్యాదు మస్తాన్‌బీదే.

పాసింజరు బళ్ళ వల్ల ఆదాయం లేదని మా శాఖలో తేలిగ్గా మాట్లాడేవారు, నేనూ మాట్లాడాను. ఆ బండి ఆలస్యమైతే బెజవాడలో షట్టర్లు ఆలస్యంగా లేస్తాయి, ల్యాబు రిపోర్టులు సాయంత్రానికి పోతాయి, హోటల్లో ఒక కూర తగ్గుతుంది. ఇవేవీ చార్టులో కనపడవు. తర్వాత నా దగ్గర శిక్షణకు వచ్చినవాళ్ళను బోర్డు ముందు కూర్చోబెట్టకముందే వారం రోజులు పాసింజరులో తిప్పాను. ఎవరిని ఆపుతున్నానో తెలుసుకోకుండా ఆపడం నేను చాలా ఏళ్ళు చేసిన తప్పు. దిద్దుకోవడానికి మూడు రోజులు పట్టింది. ఆ మూడు రోజులు ఉద్యోగంలో చేరిన ఏడాదే కేటాయించి ఉండాల్సింది.