మార్కెట్‌కి సెలవన్న గొంతు

రెడ్డిగూడెం సుబ్రహ్మణ్యానికి ఊరికే వచ్చేది ఏదైనా అనుమానమే. కొట్టువాడు కొసరు వేస్తే తూకం సరిచూసుకునేవాడు. సగం జీవితం మైకుసెట్ల మధ్య గడిచింది. పెళ్ళిళ్ళకీ మీటింగులకీ సామాను మోసుకెళ్ళి, ఏ వైరు ఎవరు తెంపుతారో, ఏ బాక్సు ఎవరు మార్చేస్తారో అని చుట్టూ చూస్తూ బతికాడు. అతని భాగస్థుడు జోజిబాబు మాత్రం నవ్వుతూ బతికాడు. ప్రచారం ఆటోలో సుబ్రహ్మణ్యం గొంతు బొంగురుపోతే, అచ్చం అదే గొంతు పెట్టి మిగతా వీధులన్నీ జోజిబాబు చుట్టి వచ్చేవాడు. తేడా ఎవరూ పట్టేవారు కాదు.

ఒకసారి ఖరీదైన మైకు ఒకటి కనిపించకుండా పోయింది. సుబ్రహ్మణ్యం జోజిబాబు సంచీ వైపు ఒక చూపు చూశాడు. ఆ చూపుతో పొత్తు చెడింది.

తర్వాత మైకుల గిరాకీ తగ్గి, సుబ్రహ్మణ్యం కంప్యూటర్లు బాగుచేయడం నేర్చుకున్నాడు. మామిడి రైతుల సంఘం అధ్యక్షుడు రామచంద్రరావు ఒకరోజు కబురు పెట్టాడు. రైతులు ఫోన్లలో వినేలా ఒక రేడియో పెడదామనీ, సంఘం ఆఫీసులో మూలనపడ్డ కంప్యూటర్‌ని రేడియో నడిపే సర్వర్ చేసి, లినక్స్ వేసి, ఓపెన్ సోర్స్ రేడియో సాఫ్ట్‌వేర్ ఎక్కించమనీ అడిగాడు. దానికి ఎవరికీ ఏమీ కట్టక్కర్లేదనగానే సుబ్రహ్మణ్యం కుర్చీలో వెనక్కి జరిగాడు.

"ఎవరో కష్టపడి రాసి ఊరికే ఇచ్చేస్తారా అండీ? వాళ్ళకేంటి లాభం?"

"కోడ్ అంతా బయటే ఉందంట. ఎవరైనా చదువుకోవచ్చంట."

"చదివేదెవరండీ?"

అయినా ఒప్పుకున్నాడు. తాను వద్దంటే ఆ పని ఎవరి చేతికి పోతుందోనన్న అనుమానం కూడా ఉంది. ప్రతి కమాండ్‌నీ టైపు చేసే ముందు అది ఏం చేస్తుందో వేరే చోట మళ్ళీ చదివి చూసుకున్నాడు. తెర మీద అక్షరాలు బిలబిలా పైకి పాకుతుంటే, మధ్యలో ఏదైనా దొంగచాటుగా జొరబడుతోందేమోనని కన్నార్పకుండా కూర్చున్నాడు. బయటి నుంచి సర్వర్‌లోకి వచ్చే దారులన్నీ మూసేసి, వినేవాళ్ళ కోసం ఒక్కటే తెరిచి ఉంచాడు.

ఆ ఏడాది రేడియో బాగా నడిచింది. తేనెమంచు పురుగుకి ఏ మందు కొట్టాలో, గాలి ఎటు తిరుగుతోందో, మార్కెట్‌కి సెలవు ఎప్పుడో, అన్నీ సుబ్రహ్మణ్యం గొంతులోనే వచ్చేవి. ముందే రికార్డు చేసి, ఏది ఎప్పుడు రావాలో సర్వర్‌లో పెట్టేవాడు. కూలీలు ఫోను కొమ్మకి తగిలించుకుని కాయ కోస్తూ వినేవారు.

మరుసటి ఏడు కోతలు ముమ్మరంగా ఉన్నప్పుడు, ఒక మధ్యాహ్నం రేడియో ఇలా చెప్పింది: "రైతు సోదరులకు మనవి. రేపు, ఎల్లుండి మామిడి మార్కెట్‌కి సెలవు. కోతలు ఆపుకోండి."

తోట కౌలుకి చేస్తున్న సువర్ణరాజు అది విన్నాడు. కూలీల మేస్త్రీకి పంపడానికి ఫోనులో రికార్డు కూడా చేసుకున్నాడు. మర్నాడు కోత మానేశాడు. అతనిలా చాలామంది మానేశారు. తీరా చూస్తే మార్కెట్ మామూలుగానే నడిచింది. సరుకు తక్కువ రావడంతో మంచి ధర పలికింది. ఆ ప్రకటన వినని రామచంద్రరావు లారీ నిండా కాయ పంపాడు. ఆ సాయంత్రం రేగిన ఈదురుగాలికి సువర్ణరాజు తోటలో బంగినపల్లి కాయ సగం నేల రాలింది.

ఊళ్ళో మాట మొదలైంది. మెషీను ఉన్న గది రామచంద్రరావు చేతిలోది, లారీ ఆయనది, చెప్పినవాడు ఆయన మనిషి. ఇంకేం కావాలి అనుకున్నారు.

సువర్ణరాజు సుబ్రహ్మణ్యం ఇంటికొచ్చాడు. గొంతు పెంచలేదు.

"ఎవరు చెప్పమన్నారో చెప్పండి చాలు. మిమ్మల్నేం అనను."

"నేను చెప్పలేదు రాజూ. ఆ మధ్యాహ్నానికి ఏమీ రికార్డు చెయ్యలేదు, ఆ టైముకి విస్సన్నపేటలో ఉన్నా."

సువర్ణరాజు ఫోనులో రికార్డు వినిపించాడు. గొంతు సుబ్రహ్మణ్యానిదే. ఆ రికార్డు అతనికే పంపించి లేచి వెళ్ళిపోయాడు.

తాను చెప్పలేదంటే ఇక చెప్పగలిగినవాడు లోకంలో ఒక్కడే. సుబ్రహ్మణ్యం తిన్నగా విస్సన్నపేట వెళ్ళి, జోజిబాబు సెల్ కవర్ల కొట్టు ముందు నిలబడి, నలుగురూ చూస్తుండగా అడిగేశాడు. "నా గొంతు నీకు తప్ప ఇంకెవరికొచ్చు?"

జోజిబాబు నవ్వలేదు. "సంచీ కూడా చూస్తావా?" అని మాత్రం అన్నాడు.

ఇంటికొచ్చి సుబ్రహ్మణ్యం హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నాడు. జోజిబాబు ఎక్కడో ఒకచోట దొరక్కపోడని ఆ రికార్డు మళ్ళీ మళ్ళీ విన్నాడు. గొంతులో ఏ తేడా లేదు. గొంతు వెనకాల మాత్రం సన్నగా కిర్రు, కిర్రు మంటూ ఒక చప్పుడు. సంఘం ఆఫీసులోని పాత ఫ్యాను అది. ఈ ఏడు కోతలు మొదలవకముందే తీసేసి కొత్తది బిగించారు. అంటే ఈ మాటలు తనవే. నిరుడు నిజంగా సెలవు వచ్చినప్పుడు చెప్పినవి.

ఆఫీసుకి పరిగెత్తి సర్వర్ తెరిచాడు. ఏ కార్యక్రమమూ పెట్టని వేళల్లో పాత రికార్డింగుల్లోంచి ఏదో ఒకటి తీసి వేయమని ఒక ఏర్పాటు ఉంది. రేడియో మూగబోతే జనం ఏమనుకుంటారోనని, సాఫ్ట్‌వేర్ ఎక్కించిన రోజున తానే అక్కడ టిక్కు పెట్టాడు. ఆ ప్రకటన వచ్చిన రోజు విస్సన్నపేట వెళ్తూ, మధ్యాహ్నానికి ఏమీ పెట్టి వెళ్ళలేదు. యంత్రం తనకు చెప్పిన పని తాను చేసింది.

ఏ దొంగా లేడని తెలిసినా అతనికి ఊరట కలగలేదు. ఏది చెడినా దాని వెనక ఒక మనిషి ఉంటాడని ఇన్నేళ్ళూ నమ్మినవాడు. జరిగింది చెప్తే భార్య నాగేంద్రమ్మ అంతా విని, "మరి జోజిబాబుకి ఏం చెప్తారు?" అని అడిగింది.

ముందు రేడియోలో ఉన్నదున్నట్టు చెప్పాడు. కొందరు నమ్మారు. "ఫ్యాను కథ బాగుందండీ" అన్నాడు సువర్ణరాజు. పాత రికార్డింగులన్నీ తుడిచేసి, ఆ టిక్కు తీసేసి, సుబ్రహ్మణ్యం మళ్ళీ విస్సన్నపేట వెళ్ళాడు. జోజిబాబు కూర్చోమనలేదు. సుబ్రహ్మణ్యం నిలబడే చెప్పాడు, తప్పు తనదేనని, మైకు విషయంలోనూ తనదేనని.

"మైకు దొరికిందా?"

"లేదు."

"దొరక్కుండానే నమ్ముతున్నావా?"

"నమ్మడానికి చూస్తున్నా" అన్నాడు సుబ్రహ్మణ్యం.

జోజిబాబు చేతిలో ఉన్న కవరు తుడిచి కొక్కేనికి తగిలించి, ఇంకోటి తీశాడు. అదీ తగిలించాక స్టూలు కాలితో ఇవతలికి నెట్టాడు.

ఇప్పుడు మార్కెట్ కబుర్లు ఇద్దరూ చెప్తారు. ముందు ఆ రోజు వారం, తేదీ చెప్పి, ఒకరు చెప్పింది రెండోవారు తిరిగి చదువుతారు. జోజిబాబు తన సొంత గొంతుతోనే చదువుతాడు. సువర్ణరాజు కూడా రేడియో వింటాడు. కానీ సెలవు అన్న మాట వినపడితే, మార్కెట్ గేటు దగ్గర తెలిసినవాళ్ళకి ఫోను చేసి అడిగాకే కూలీలని ఆపుతాడు. ఆ సంగతి ఎవరో చెప్తే సుబ్రహ్మణ్యం నొచ్చుకోలేదు. అందరినీ అలాగే అడగమనండి అన్నాడు.