గస్తీ విమానానికి సముద్రపు చప్పుళ్లు

నేను సినిమాలకు చప్పుళ్లు చేస్తాను. తెర మీద మనిషి మెట్లు దిగితే వినపడే అడుగులు, తలుపు మూసిన చప్పుడు, వాన, గుర్రపు డెక్కలు, అన్నీ ఫిల్మ్‌నగర్‌లో ఒక ఇంటి కింది భాగంలో ఉన్న మా చిన్న స్టూడియోలోనే తయారవుతాయి. నేను పుట్టింది షేక్‌పేట పాత ఊళ్లో. నడిచి వచ్చే దూరంలోనే పని దొరికింది కాబట్టి ఈ గుట్టలు దాటి పోవలసిన అవసరం రాలేదు. నా చెవి మీద నాకు గట్టి నమ్మకం. అందుకే విమానాల పని వెతుక్కుంటూ వచ్చినప్పుడు ఆశ్చర్యపోలేదు. నాకు రాక ఇంకెవరికి వస్తుంది అనుకున్నాను.

వచ్చింది విమాన సిబ్బందికి శిక్షణ యంత్రాలు తయారుచేసే కంపెనీ. సముద్రం మధ్యనున్న ఒక చిన్న దేశం తన వైమానిక దళంలోని పాత విమానాలను మార్చేస్తోంది. మనుషులను, సరుకులను మోసే రవాణా విమానాలూ కొత్తవే వస్తున్నాయి, సముద్రం మీద గస్తీ తిరిగేవీ కొత్తవే. అవి వచ్చేలోపు నడిపేవాళ్లు సిద్ధంగా ఉండాలి. అందుకని ఈ కంపెనీ నేల మీదే ఒక నకిలీ విమానం కడుతోంది. అందులో కూర్చున్నవాళ్లకు కనపడేదంతా వాళ్లు చూసుకుంటారు. వినపడేది నేను చేయాలి. ముందు గస్తీ విమానం, అది బాగుంటే తర్వాత రవాణా విమానం.

గస్తీ విమానం నుంచి సముద్రంలోకి పొడవాటి గొట్టాలు జారవిడుస్తారట. అవి నీళ్లలో తేలుతూ, కింద వినపడేదంతా రేడియోలో పైకి పంపుతాయి. విమానంలో ఒకరు హెడ్‌ఫోన్లు పెట్టుకుని, అడుగున జలాంతర్గామి ఉందా లేదా అని వింటారు. కొత్త విమానంలో ఆ చప్పుడంతా తెర మీద గీతలుగా కూడా పడుతుంది. అయినా చెవికి అలవాటు లేనివాడికి ఆ గీతలు అర్థం కావు.

నాకు సాయంగా ఒక పెద్దాయనను పంపారు. విశాఖపట్నం వైపు మనిషి. పాత గస్తీ విమానాల్లో సముద్రాన్ని వినడమే ఉద్యోగంగా చేసి రిటైరయ్యారు. భార్యతో టోలిచౌకిలో ఉంటున్నారు. రోజూ పొద్దున్నే ఇస్త్రీ చొక్కాతో వచ్చేవారు.

మొదటి రోజు నేను చేసి పెట్టుకున్న జలాంతర్గామి వినిపించాను. గది అదిరింది. ఆయన చివరిదాకా ఓపికగా విన్నారు.

"చాలా బాగుందమ్మా. కానీ ఇది సినిమా," అన్నారు. "జలాంతర్గామి ఇలా అరిస్తే మమ్మల్ని జీతమిచ్చి పెట్టుకోవడం ఎందుకండీ?"

నాకు రోషం వచ్చింది. మర్నాటి నుంచి ఆయన చెప్పినట్టు మొదలుపెట్టాను. నీళ్లలో ముంచే మైకు తెప్పించి బిల్డింగు సంపులో వేలాడదీశాను. మోటారు వేసినప్పుడు అచ్చం దూరంగా పోతున్న ఓడలాగే వినపడింది. డ్రమ్ములో నీళ్లు పోసి చిన్న ప్లాస్టిక్ ఫ్యాన్లు తిప్పాను. మూడు రెక్కలదైతే ఒక లయ, నాలుగు రెక్కలదైతే ఇంకో లయ. ఆయన కళ్లు మూసుకుని, వేలితో బల్ల మీద కొడుతూ రెక్కలు లెక్కపెట్టేవారు. ఎప్పుడూ తప్పలేదు. ఎక్కడో కింది శ్రుతిలో, నాకు వినపడీ వినపడనట్టుండే మూలుగులో ఇంజను ఏ రకమో చెప్పేవారు. నేను మీటరు చూసి నమ్మవలసి వచ్చేది.

తర్వాత రొయ్యల వంతు వచ్చింది. వెచ్చటి సముద్రంలో అడుగునుండే ఒక జాతి రొయ్యలు కొండీలు టపటపలాడిస్తాయి. వేల కొద్దీ కలిస్తే మూకుట్లో ఆవాలు చిటపటలాడినట్టుంటుంది. ఆ రొదలోంచి ఓడను ఏరుకోవాలి.

"రొయ్యలు బాగా తక్కువున్నాయమ్మా. పెంచండి."

పెంచాను.

"ఇంకొంచెం."

మళ్లీ పెంచాను. సరిగ్గా అప్పుడే కంపెనీ మేనేజరు తలుపు తీసుకుని లోపలికొచ్చి రెండు చెవులూ మూసుకున్నాడు. పెద్దాయన మాత్రం నిమ్మళంగా కూర్చుని, "ఇప్పుడు కాస్త నయం," అన్నారు.

నాకు సంగతి అర్థమైంది. ఆ రోజు పని ముగించి బయల్దేరాను. ఇంటికి నడుస్తూ దారంతా అదే ఆలోచించాను. ఆయనకు తెలియకుండా సరిదిద్దేసి పని ముగించడం సులువే. కానీ చప్పుళ్ల విషయంలో నేను ఎవరి దగ్గరా అబద్ధం ఆడలేదు. మర్నాడు మేనేజరు రాకముందే ఆయనను కూర్చోబెట్టాను.

"సార్, నేనొక్కొక్క కూత ఇనిపిస్త. ఇనపడితే చెయ్యి ఎత్తుండ్రి."

సన్నటి కూతలు ఒక్కొక్కటిగా శ్రుతి పైకి జరుపుతూ పోయాను. ఒకచోట ఆయన చెయ్యి ఆగిపోయింది. నేను ఇంకా వినిపిస్తూనే ఉన్నాను. ఆయన నా వేలు మీట మీద కదలడం చూశారు.

"ఇప్పుడు కూడా వస్తోందా?"

"వస్తున్నది సార్."

హెడ్‌ఫోన్లు తీసి ఒళ్లో పెట్టుకున్నారు. కాసేపు వాటి తీగ సర్దుతూ ఉండిపోయారు.

"ఆ విమానంలో రొద అలాంటిదమ్మా. దిగాక కూడా చెవుల్లో ప్రొపెల్లర్లు తిరిగేవి. టీవీ సౌండు తగ్గించమని మా ఆవిడ గొడవపడుతుంటే ఆవిడదే చాదస్తం అనుకున్నాను." "అయితే ఇక నాతో పని లేనట్టేనండీ," అన్నారు.

"గట్లెందుకంటరు సార్? కింది చప్పుడు మీకు ఇనపడ్డట్టు నాకు ఇనపడది. అది మీరు చూడుండ్రి. పైది నాకిడిసిపెట్టుండ్రి. ఇద్దరం కలిస్తే ఒక మంచి చెవి అయితది."

ఆయన నవ్వారు. అప్పటి నుంచి పని అలాగే పంచుకున్నాం. ఓడలు, ఇంజన్లు ఆయనవి. రొయ్యలు, వాన, కెరటాలు నావి. ఆయన భార్యతో ఫోనులో మాట్లాడి, ఆయనను బంజారా హిల్స్‌లో చెవి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. వినికిడి మిషను పెట్టారు. తిరిగొస్తుంటే ఆటో హారన్లకు ఉలిక్కిపడి, "ఈ ఊళ్లో ఇంత గోల ఉందా?" అన్నారు.

నకిలీ విమానంలో పాత ఇంజను రొద కూడా పెట్టాలని మేనేజరు పట్టుబట్టాడు. అలా ఉంటే నిజమనిపిస్తుందని అతని వాదన. పెద్దాయన ఒప్పుకోలేదు. "కొత్తది లోపల నిశ్శబ్దంగా ఉంటుంది బాబూ. పాత రొద పిల్లలకెందుకు? మా చెవులు పోయాయి, చాలు," అన్నారు. ఆయన గొంతు పెంచి మాట్లాడటం నేను విన్నది అప్పుడొక్కసారే. మేనేజరు ఆ రొద తీయించేశాడు.

ఆ దేశం నుంచి అధికారులు పరీక్షకు వచ్చారు. వాళ్లలో ఒకామె వినడంలో ఆరితేరినదట. ఆమె కోసం మేమిద్దరం కలిసి ఒక ఓడ చేశాం. డ్రమ్ములో నాలుగు రెక్కల ఫ్యానుకు ఒక రెక్క అంచు విరిచి, ఆ చప్పుడును రొయ్యల కింద, వాన కింద దాచాం. ఆమె హెడ్‌ఫోన్లు పెట్టుకుని చాలాసేపు కదలకుండా కూర్చుంది. చప్పుడు సరిగ్గా ఉందని నాకు తెలుసు.

ఆమె ఒక చెవి మీంచి హెడ్‌ఫోను జరిపి, ఇంగ్లీషులో నెమ్మదిగా అడిగింది. చిన్న ఓడ, నాలుగు రెక్కలు, ఒకటి దెబ్బతిన్నది, అవునా అని. పెద్దాయన లేచి నిలబడి ఆమెకు నమస్కారం చేశారు.

గస్తీ విమానం పని ఆ రోజే ఒప్పుకున్నారు. మొదటి జట్టుకు వినడం నేర్పడానికి పెద్దాయన వాళ్ల దేశం వెళ్లారు. నేను రవాణా విమానం పని మొదలుపెట్టాను. అందులో సరుకును గొలుసులతో నేలకు బిగిస్తారు. గొలుసు వదులైతే వచ్చే చప్పుడును, అది పూర్తిగా ఊడకముందే సిబ్బంది పట్టుకోగలగాలి. రెండు రోజులుగా షేక్‌పేటలో లారీలు ఆగే చోట మైకు పెట్టుకుని కూర్చుంటున్నాను. డ్రైవర్లకు మొదట అనుమానం వచ్చింది. ఇప్పుడు నన్ను చూడగానే వాళ్లే గొలుసులు వదులు చేసి, "ఇను మేడం, ఇది మంచిగొస్తది," అంటున్నారు.