రెక్కల పాము కాపున్న కోట

మొన్న నిడదవోలు జంక్షన్‌లో రాజమండ్రి వెళ్ళే రైలు కోసం కూర్చున్నాను. పక్క బెంచీ మీద కాలేజీ అమ్మాయి ఒకామె ఫోన్‌లో ఏదో ఆట ఆడుకుంటోంది. చెవుల్లో ఏమీ పెట్టుకోలేదు, దాని సంగీతం ప్లాట్‌ఫారమంతా వినిపిస్తోంది. ఇంకోరోజైతే విసుక్కునేదాన్నే. కానీ సన్నటి వేణువు లాంటి ఆ చప్పుడు, దాని వెనక రేకు డబ్బా మీద కొట్టినట్టుండే దరువు వినేసరికి నోటి దాకా వెళ్ళిన కాఫీ అక్కడే ఆగిపోయింది. తొంగి చూశాను. అదే పడవ రేవు, అదే పొగమంచు, అంచులు నున్నగా దిద్ది కొత్త రంగులు పూశారంతే. "ఇది పాత ఆట కదమ్మా?" అన్నాను. "అవునండీ, మా అమ్మ వాళ్ళ కాలం నాటిదంట. ఇప్పుడు ఫోన్‌కి వచ్చింది" అంది. నన్ను వాళ్ళమ్మ వరుసలో కూర్చోబెట్టేసినందుకు కొంచెం గుచ్చుకుంది గానీ, అబద్ధమేం కాదు కదా అని సర్దుకున్నాను.

ఆ ఆట మా ఇంటికి ఎవరూ కోరి తెచ్చుకున్నది కాదు. మా బాబాయి తణుకులో కంప్యూటర్ కోచింగ్ సెంటర్ పెట్టి, అది నడవక ఎత్తేస్తూ, ఒక కంప్యూటర్ తెచ్చి మా ముందుగదిలో దించాడు. పిల్లకి పనికొస్తుంది అన్నాడు. ఆ పిల్లని నేనే, అప్పుడు హైస్కూల్లో చదువుతున్నాను. తెరిచి చూస్తే అందులో ఎవరో విద్యార్థి ఎక్కించి వదిలేసిన ఆట ఒకటి కనబడింది. ఒక బాటసారి పిల్ల భుజాన సంచీ వేసుకుని అడవులూ నదులూ దాటుకుంటూ పోతుంది. ఏదో శాపం తగిలి కోటలో నిద్రపోతున్న రాజుని లేపాలి. దారిలో మంత్రగత్తెలు, మాట్లాడే గుడ్లగూబలు, తగాదాకోరు మరుగుజ్జులు. కత్తి పట్టి నరికేదేం లేదు. ఎదురైన వాళ్ళతో మాట్లాడాలి, దొరికిన వస్తువు సంచీలో వేసుకోవాలి, అది ఎక్కడ అక్కరకొస్తుందో బుర్ర బద్దలు కొట్టుకోవాలి. మాటలన్నీ ఇంగ్లీషే. అదీ మామూలు ఇంగ్లీషు కాదు, మా మేష్టారికి కూడా సగం అర్థం కానంత పాత ఇంగ్లీషు.

అక్కడే మా అత్త ప్రవేశించింది. అత్త అంటే నాన్నగారి చెల్లెలు. ఊళ్ళో ఒక ప్రైవేటు బళ్ళో ఇంగ్లీషు చెప్పేది. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని ఇంట్లో ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. బడి నుంచి రాగానే కాళ్ళు కడుక్కుని, టీ గ్లాసుతో నా పక్కన కుర్చీ లాక్కుని కూర్చుని, తెర మీద పడే ప్రతి మాటనీ తెలుగులోకి మార్చి చదివేది. మాకోసం కాదు, వెనక మడతమంచం మీద కూర్చున్న మా మామ్మ కోసం. నాన్నగారి అమ్మే మా మామ్మ. అప్పటికే ఆవిడ రెండు కళ్ళకీ శుక్లాలు ముదిరిపోయాయి. వెలుతురూ నీడా తెలిసేవి, మనుషుల్ని అడుగుల చప్పుడు బట్టి పోల్చుకునేది. తెర మీద ఏముందో ఆవిడకి ఒక్క ముక్క కనబడదు. అయినా సాయంత్రమయ్యేసరికి ఊళ్ళో అందరికంటే ముందు ఆవిడే తయారు. "ఏమే, ఆ పిల్ల ఇంకా చెట్టు కిందే ఉందా? పాపం, నిన్నట్నుంచీ నిలబడే ఉంది, కదిలించండే" అనేది.

మామ్మ సలహాలు విని మొదట్లో నవ్వేవాళ్ళం. తరవాత తరవాత ఆవిడ చెప్పనిదే అడుగు వేసేవాళ్ళం కాదు. రేవు దగ్గర పడవవాడు ఎంతకీ దాటించడు. ఉంగరం ఇచ్చాం, వెండి గంట ఇచ్చాం, కసురుకున్నాడు. మామ్మ విని, "గోదారి గట్టున పుట్టి ఆ మాత్రం తెలీదా? పొద్దుట్నుంచీ తెడ్డేస్తున్నవాడికి గంటెందుకే? అన్నం తిన్నాడో లేదో అడగండి ముందు" అంది. సంచీలో ఎప్పటిదో రొట్టెముక్క ఉంటే ఇచ్చాం. వెంటనే పడవ కదిలింది. మాట్లాడాల్సి వచ్చినప్పుడు తెర మీద మూడు జవాబులు వచ్చేవి. వాటిలో మామ్మ ఎప్పుడూ మర్యాదగా ఉన్నదే నొక్కించేది. "మంత్రగత్తె అయితే మాత్రం? పెద్దావిడ. గారు అనకపోతే ఎలా?" అనేది. కోటకి కాపలా ఉన్న డ్రాగన్‌కి రెక్కల పాము అని పేరు పెట్టింది. మౌసుని ఎలక అనేది. ఇక కరెంటు సంగతి చెప్పక్కర్లేదు. ఫ్యాను కాస్త మందగించిందంటే చాలు, "దాచవే, దాచెయ్! పోయేలా ఉంది!" అని మంచం మీంచి కేక పెట్టేది. ఆట ఎక్కడి దాకా వచ్చిందో భద్రపరచడమన్నమాట. ఎన్నోసార్లు ఆ కేక వల్లే ఊపిరి పీల్చుకున్నాం.

కళ్ళ ఆపరేషన్ మాటెత్తితే మాత్రం ఆవిడ మొండికేసేది. చిన్నతనంలో వాళ్ళక్కకి ఎవరో కంటికి ఏదో చేసి, ఉన్న కాస్త చూపూ పోగొట్టారు. ఆ అక్కని చెయ్యి పట్టుకుని నడిపించింది మామ్మే. అందుకని నాన్నగారు ఎన్నిసార్లు బతిమాలినా, "చూడాల్సినవన్నీ చూసేశాన్రా. మిగిలినవి మీరు చూసి చెప్పండి" అని ముసుగు తన్నేది. రాజమండ్రిలో చూపించిన డాక్టరుగారు, ఇంకా ఆలస్యం చేస్తే ఆపరేషన్ కూడా కష్టమవుతుందని అప్పటికే చెప్పేశారు. నాన్నగారు రాత్రిళ్ళు అన్నం సరిగ్గా తినేవారు కాదు.

అలా ఉండగా, మేము ఆటలో కోట దగ్గరికి చేరాం. రెక్కల పాముని ఎలాగో జోకొట్టి పడుకోబెట్టాం. ఇక తలుపు తియ్యడమే మిగిలింది. మామ్మ మంచం అంచుకి జరిగి, "కోట ఎలా ఉందే?" అంది. నీలంగా ఉందన్నాను నేను. కాదు, పాకుడు పట్టిన ఆకుపచ్చ అంది అత్త. బురుజులు నాలుగన్నాను. వెనకాల నీడలో ఇంకోటుంది అంది అత్త. ఇద్దరం వాదించుకుంటుంటే మామ్మ కాసేపు విని, "మీ ఇద్దరిదీ చెరో కోటలా ఉందే" అంది. అత్త ఏమనుకుందో, లేచి కంప్యూటర్ కట్టేసింది. "తలుపు ఇప్పుడు తియ్యనమ్మా. నువ్వు చూస్తానన్న రోజున తీద్దాం" అంది. మామ్మ నవ్విందనుకున్నాం గానీ, నవ్వలేదు. తరవాత చాలా సాయంత్రాలు ఆ గది బోసిగానే ఉండిపోయింది.

ఒక మధ్యాహ్నం అత్త బడిలో ఉండగా మామ్మ నన్ను దగ్గరికి పిలిచింది. ఆత్రేయపురం నుంచి ఎవరో తెచ్చిన పూతరేకు నా చేతిలో పెట్టి, "మనిద్దరం తీసేద్దామే ఆ తలుపు. మీ అత్తకి చెప్పొద్దులే" అంది. లంచం బాగానే పనిచేసింది. ఆట పెట్టాను, కోట ముందుకి వచ్చాం. మామ్మ తెర వైపు మొహం తిప్పి, "తలుపు మీద ఏమైనా చెక్కి ఉందా?" అంది. ఉందన్నాను. "ఏం చెక్కారు?" ఏవో తీగలు, పిట్టలో పువ్వులో అన్నాను. "పిట్టలా, పువ్వులా?" నాకు చెప్పడం చేతకాలేదు. మామ్మ లేచి వచ్చి, గాజు తెర మీద అరచెయ్యి ఆనించి, మెల్లగా తడిమింది. నున్నగా, వెచ్చగా ఉంటుంది కదా, అంతకు మించి ఏం తెలుస్తుంది? చెయ్యి తీసేసి, "కట్టెయ్యి" అంది. సాయంత్రం నాన్నగారు ఇంట్లో అడుగు పెట్టగానే, "ఒరే, రాజమండ్రి ఎప్పుడు వెళ్దాం?" అంది. నాన్నగారు చెప్పులు విప్పడం మర్చిపోయి అలాగే లోపలికి వచ్చేశారు.

అత్తకి బళ్ళో పరీక్షలు. నాన్నగారూ నేనూ తీసుకెళ్ళాం. కొవ్వూరు దాటి రైలు వంతెన ఎక్కగానే చక్రాల చప్పుడు మారింది. మామ్మ కిటికీ వైపు తిరిగి దణ్ణం పెట్టుకుంది. నా చెయ్యి మాత్రం వదల్లేదు. ఆపరేషన్ ఒక కంటికే చేశారు. మర్నాడు కట్టు విప్పి, నల్లద్దాలు పెట్టి, జాగ్రత్తలు చెబుతున్న డాక్టరుగారిని మామ్మ మధ్యలో ఆపింది. "కంప్యూటర్ చూడొచ్చా అండి?"

ఆయన కలం పక్కన పెట్టి, "మీకు కంప్యూటర్‌తో ఏం పని మామ్మగారూ?" అన్నారు.

"కోట గుమ్మంలో ఆగిపోయామండి" అంది.

ఆయన నాన్నగారి మొహం చూశారు. నాన్నగారు గోడ మీది క్యాలెండర్ చూశారు.

డాక్టరుగారు పెట్టిన గడువు పూర్తయిన సాయంత్రం, ముందుగదిలో అందరం చేరాం. అత్త ఆట పెట్టింది. మామ్మ కుర్చీ తెర దగ్గరికి లాక్కుని, నల్లద్దాలు తీసి, ముందుకి వంగి చూసింది. చాలాసేపు చూసింది. "ఇదా?" అంది. "ఇదేమిటే, గళ్ళు గళ్ళుగా ఉంది! ఏదీ పాము? ఆ ఆకుపచ్చ గుడ్డపేలికేనా? నేను చూసింది ఇంతకంటే చాలా పెద్దది!" మాకు నవ్వాగలేదు. నాన్నగారు కూడా నవ్వారు. అత్తకి రెండు చీవాట్లు పెడదామని మామ్మ పక్కకి తిరిగింది. తిరిగి, అలాగే ఉండిపోయింది. తెర వెలుగు అత్త మొహం మీద పడుతోంది. "నీ జుట్టు ఎప్పుడు నెరిసిందే?" అంది.

"చాలా ఏళ్ళయిందమ్మా."

"పడవవాడి గడ్డం చెప్పావు, గుడ్లగూబ కళ్ళు చెప్పావు. ఇది చెప్పలేదేం?"

అత్త తెర వైపు తిరిగి, తలుపు తెరిచి, చదవడం మొదలుపెట్టింది. లోపల రాజు కళ్ళు తెరిచాడు. నేను ఎంతకాలం నిద్రపోయాను అని అడిగాడు. కొద్దిసేపే అనొచ్చు, తెలియదు అనొచ్చు, నిజం చెప్పేయొచ్చు. "ఏం చెప్పమంటావమ్మా?" అంది అత్త. "నిజమే చెప్పు" అంది మామ్మ. "కాకపోతే ముందు కాసిని మంచినీళ్ళిచ్చి చెప్పు." మా సంచీలో నీళ్ళు లేవు. ఊరికే నిజం చెప్పేశాం. రాజు లేచి బయటికి నడిచాడు, సంగీతం వచ్చింది, ఆట అయిపోయింది. అదంతా నేను తెర మీద చూశాను. మామ్మ చూడలేదు. కథ వింటున్నంతసేపూ ఆవిడ చూపు కూతురి మొహం మీదే ఉంది.

మర్నాడు పొద్దున్నే నూనె గిన్నె పట్టుకుని అత్తని అరుగు మీద కూర్చోబెట్టింది. బడికి ఆలస్యమవుతోందని అత్త గొణుగుతూనే తల వంచింది. తరవాత రెండో కంటి ఆపరేషన్‌కి ఎవరూ బతిమాలాల్సిన అవసరం రాలేదు. మామ్మ ఆ తరవాత కూడా చాలా ఏళ్ళు బతికింది. ఆటలెప్పుడూ ఆడలేదు గానీ, వీధిలో పోయే ప్రతివాళ్ళనీ ఆపి, చిక్కావనో లావయ్యావనో మొహం మీదే చెప్పేది. రోజూ చూసుకునే మనకి కాలం ఎప్పుడూ కదిలినట్టుండదు. కొన్నాళ్ళు చూపు పోయి తిరిగొచ్చినవాళ్ళకే అది మొత్తంగా, ఒక్కసారిగా, మన మొహాల మీద కనబడుతుంది.