ఒకటిన్నర చింతగింజ

నా చిన్నప్పుడు స్టేషన్ ఘన్‌పూర్ దగ్గరి మా పల్లెలో కొత్త బడి కట్టడానికి ముందుగా నా ఇల్లు కూల్చారు. ఇసుక కుప్ప మీద రెండు రోజులు కష్టపడి కట్టుకున్న ఇల్లది. వంటగది కూడా ఉండేది. కావడితో నీళ్లు మోసే మామ ఒక పొద్దున వచ్చి, నా వైపు చూడనైనా చూడకుండా, దాన్ని గంపకెత్తి సిమెంటు మాలులో కలిపేశాడు. నాకప్పుడు ఎనిమిదేళ్లు. ఇప్పుడు అరవై దాటాయి. ఆ సంగతి నేను మరచిపోలేదు.

దర్వాజ నిలబెట్టే రోజున మేస్త్రికి కొత్త బట్టలు పెట్టడం మా వైపు ఆనవాయితీ. బడి పని చూసుకునేది మా తాతయ్య. ఈసారి కూలీల్లో బాగా కష్టపడిన ఒకరికి కూడా అందరి ముందు తలకు రుమాలు చుట్టాలని ఆయన అనుకున్నాడు. ఆ ఒకరు కావడి మామేనని తెలిసి నా కడుపు మండింది.

"ఎప్పుడు జూసినా కూసునే ఉంటాండు తాతా! ఆయనకెందుకు రుమాలు?" అన్నాను.

తాతయ్య కసరలేదు. తన వక్కల డబ్బా ఖాళీ చేసి నా చేతికిచ్చాడు. "గట్లనా బిడ్డా? రేపు పొద్దుగూకేదాక ఆయనెంబడే తిరుగు. కూసున్నప్పుడల్లా గీ డబ్బాల ఒక చింతగింజ ఎయ్యి. పది అయినయంటే రుమాలు ఇయ్యనే ఇయ్య."

మర్నాడు తెల్లవారక ముందే బయలుదేరాను. బావి నుంచి బడికి, బడి నుంచి బావికి. నీళ్లు పోయడం, మాలు కలపడం, ఇటుకలు అందించడం, మళ్లీ బావికి. మధ్యాహ్నం ఆయన జొన్నరొట్టె నిలబడే తిన్నాడు, అదీ గోడకు ఆనుకుని. ఆనుకోవడం సగం కూర్చోవడమేనని తీర్మానించి, ఒక గింజను రాయితో పగలగొట్టి సగం వేశాను.

మూడు జాముల వేళ బావి దారిలో నా కాలిలో తుమ్మముల్లు దిగింది. ఆయన కావడి దించి, నేల మీద కూర్చుని, నా పాదం ఒళ్లో పెట్టుకుని, మొలతాడుకున్న పిన్నీసుతో ముల్లు తీశాడు. నేను ఏడుస్తూనే ఒక గింజ వేశాను. తర్వాత నన్ను కావడిలో ఒక పక్క కూర్చోబెట్టి, రెండో పక్క నిండుకుండ పెట్టి మోసుకొచ్చాడు.

"కుండ కంటే నువ్వే బరువున్నవ్ బిడ్డా," అన్నాడు. అదీ మరచిపోలేదు.

ఇంట్లో గంపెడు చింతగింజలున్నాయి. మిగతావి కలపడం ఎంతసేపు? చెయ్యి గంపలో పెట్టి కూడా తీసేశాను. నా ఫిర్యాదు దొంగది కాకూడదు.

సాయంత్రం మేస్త్రీ కూలీలూ చూస్తుండగా తాతయ్య డబ్బా తెరిచాడు. "గీ సగం ఏందే?"

"గోడకు ఆనుకున్నడు."

"మరి గిది?"

ముల్లు దిగిన కాలు రెండో కాలి వెనక దాచుకున్నాను. "నా కాల్ల ముల్లు దీసిండు," అన్నాను. అందరూ విరగబడి నవ్వారు. కావడి మామ మాత్రం నవ్వలేదు. "పోరి పొద్దటిసంది ఏం తినలే కాకా, జర బువ్వ పెట్టించు," అన్నాడు.

దర్వాజ నిలబెట్టిన రోజున రుమాలు నా చేతనే ఇప్పించారు. అందుకోవడానికి ఆయన నా ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. ఆ కూర్చోవడం నేను లెక్కపెట్టలేదు.

ఫిర్యాదులు చేయడం నేను మానలేదు. మా ఇంట్లోవాళ్లను అడగండి, చెబుతారు. కానీ ఎవరి మీదైనా నోరు విప్పే ముందు ఒక పూట వాళ్ల వెంట నడిచి చూస్తాను. చాలా ఫిర్యాదులు దారిలోనే అలసిపోయి చతికిలబడతాయి.