కారు మార్చారు, గేటు మార్చారు

మా తమ్ముడి కూతురు పోయినప్పుడు పలకరించడానికి వచ్చినవాళ్లు దాదాపు అందరూ ఒకే మాట అన్నారు. "రాత తల్లీ, ఎవరేం చేస్తారు?" పాపకు మూడో ఏడు నడుస్తోంది. ఏడుస్తున్న ఇంట్లో వాదన పెట్టుకోవడం ఇష్టం లేక అప్పుడు ఊరుకున్నాను. ఇప్పుడు ఊరుకోను. అది రాత కాదు.

మాది ధర్మవరం. తమ్ముడిది పట్టుచీరల వ్యాపారం. కింద వాళ్లుంటారు, మేడమీద గదిలో నేను. ఇంటి ముందు కడప బండలు పరిచిన వాకిలి ఉంది. కారు అందులోనే పెడతాడు, ముందు భాగం గడప వైపు, వెనక భాగం గేటు వైపు. బయటికి తీయాలంటే వెనక్కే తీయాలి. పిల్లలు ఆడుకునేదీ ఆ వాకిట్లోనే.

ఆ ఏడు ఆయుధ పూజ రోజు పొద్దున నేను పని మీద అనంతపురం వెళ్లాను. అందువల్ల జరిగింది నా కళ్లతో చూడలేదు. మరదలు తర్వాత చెప్పింది. ఎవరో ఫోన్లో తీసిన వీడియో కూడా ఉంది.

పూజ చేయించడానికి వచ్చిన స్వామి కారుకు నాలుగు వైపులా గంధం, కుంకుమ పెట్టాడు. వెనక నంబరు ప్లేటు పైన నల్ల గుండీలాంటిది ఒకటి ఉంటుంది. వెనక ఏముందో లోపలి తెరమీద చూపించే కెమెరా అది. దానికీ బొట్టు పెట్టాడు. వెనక కట్టిన బంతిపూల దండ కిందికి వేలాడుతుంటే, అడ్డం ఏదో ఉందని కారు కూత పెట్టింది. "దండకే కూస్తాంది ఇది" అని తమ్ముడు ఆ కూత ఆపేశాడు. గేటు దగ్గర, అంటే కారు వెనక, బూడిద గుమ్మడికాయ పగలగొట్టారు. కాయలో కుంకుమతో పాటు చిల్లర వేయడం మా వైపు అలవాటు. పగలగానే పిల్లలు ఆ చిల్లర మీద పడతారు. పెద్దవాళ్లు నవ్వుకుంటూ చూస్తారు. పెద్ద పిల్లలు దొరికింది తీసుకుని పక్కకు పోయారు. పాప ఇంకా ఆ కుంకుమలో కూర్చుని వెతుకుతోంది. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. మంచి సమయం దాటిపోతోందని స్వామి తొందర చేశాడు. తమ్ముడు వెనక్కి గేరు వేశాడు.

ఆ వీడియో ఒక్కసారే చూశాను. అందులో అందరి చూపూ నిమ్మకాయల మీదే ఉంది.

తర్వాత ఇంట్లో ఏమేం చేశారో చెప్పాలి. నా కోపం అంతా అక్కడే ఉంది. కారుకు దోషం ఉందన్నారు. నల్ల కారు అమ్మేసి తెల్లది కొన్నారు. వాస్తు చూసే ఆయన వచ్చి, దక్షిణపు గేటు ఇంటికి మంచిది కాదన్నాడు. గోడ పగలగొట్టి గేటు తూర్పుకు మార్చారు. హోమం చేశారు. ఇంత చేసినవాళ్లు కారు తీసే పద్ధతి మాత్రం మార్చలేదు. కొత్త గేటు లోంచి కొత్త కారు కూడా వెనక్కే పోతుంది. పిల్లలు ఆ వాకిట్లోనే ఆడుతున్నారు. ఇంజను మొదలయ్యే ముందు ఎవరు ఎక్కడున్నారో చూసే మనిషి ఇంకా లేడు.

మా ఇల్లొక్కటే కాదు. పెళ్లికి వెళ్తే కల్యాణమండపం ముందు కార్లు ఆపేచోట చూస్తుంటాను. అమ్మ చీర కుచ్చిళ్లు సర్దుకుంటుంది, నాన్న ఫోన్లో మాట్లాడతాడు, పిల్ల రెండు కార్ల మధ్య నుంచి పరుగెడుతుంది. ఇంట్లో ఒళ్లో కూర్చోబెట్టుకుని హారన్ కొట్టించిన నాయనకు అది ముచ్చట. ఆ పిల్లకు కారంటే బొమ్మ. కారు తనకు కనిపిస్తోంది కాబట్టి తనూ కారుకు కనిపిస్తున్నాననుకుంటుంది. లోపల నాయన ఉంటే భయపడదు, ఇంకా దగ్గరికి పోతుంది. ఈ మాత్రం తెలుసుకోవడానికి చదువు అక్కర్లేదు.

పాప పోయినప్పుడు దాని తమ్ముడు చంకలో బిడ్డ. మొన్న ఆయుధ పూజకు వాడికి అదే వయసు. ఆ పొద్దున మేడమీది నుంచి చూశాను. అదే స్వామి, కారు వెనక బంతిపూల దండ, గేటు దగ్గర ఇంకా కొట్టని గుమ్మడికాయ, దాని చుట్టూ పిల్లలు. వాళ్ల మధ్యలో వాడు.

కిందికి దిగి పూజ పళ్లెంలో ఉన్న కారు తాళం తీసుకున్నాను.

"తాళం యాడ పెట్టినారప్పా?" అన్నాడు తమ్ముడు.

"నా కాడ ఉండాది. పిల్లోళ్లంతా అరుగెక్కినాక ఇస్తా."

"ఇయ్యక్కా, టైమైపోతాంది."

"పోనీ."

నేను కెమెరా మీది బొట్టు తుడుస్తుంటే స్వామికి కోపం వచ్చింది. "దేవుని బొట్టు తుడుస్తారామ్మా ఎవరన్నా?"

"కంట్లో కుంకుమ పోసి చూడమంటే ఎట్ల స్వామీ?"

పక్క అంగడాయన నవ్వాడు. "ఏమక్కా, బండికి పూజ, పిల్లోళ్లకు జైలా?"

"జైలే. ఇంజను ఆగేదాకా."

మా పెద్దమ్మ అరుగు మీద నుంచి లేచింది. "ఎన్నాళ్లని దాన్నే పట్టుకోని ఉంటావే? ఆ పిల్ల రాత అట్లుండె."

"రాత గాదు పెద్దమ్మా. బండి వెనక ఎవరూ చూడలేదు. అంతే."

తమ్ముడు నా ముందుకొచ్చి నిలబడ్డాడు.

"నేను చంపినానంటావా అక్కా?"

ఇన్నాళ్లూ ఆ ఇంట్లో ఎవరూ అనని మాట వాడే అన్నాడు. రాత అన్న మాట అందరూ ఎందుకంత గట్టిగా పట్టుకున్నారో నాకప్పుడు తెలిసింది. తెలిసినా నా కోపం తగ్గలేదు.

"నిన్ను అనలేదప్పా. ఆ పొద్దు ఈడ ఇంతమంది ఉన్నారు, ఒగరన్నా దాని చెయ్యి పట్టుకోలేదు అంటాండా. ఈ తూరి పట్టుకోండి. గుమ్మడికాయ బండి పోయినాక కొట్టండి. నేనడిగేది ఇంతే."

వాడు కారు చుట్టూ ఒకసారి తిరిగి, వంగి కింద చూశాడు. వచ్చి తాళం కోసం చెయ్యి చాపాడు. పిల్లలు ఇంకా గుమ్మడికాయ దగ్గరే ఉన్నారు. నేను ఇవ్వలేదు.

"ఎక్కండి పిల్లోళ్లూ, అరుగెక్కండి" అని గట్టిగా అరిచాడు.

పెద్దవాళ్లు గొణుక్కుంటూనే ఒక్కొక్కరు ఒక్కొక్క పిల్లను పట్టుకుని అరుగెక్కారు. అప్పటిదాకా గడపలో నిలబడి ఉన్న మరదలు వచ్చి కొడుకును చంకనేసుకుంది. నేను తాళం ఇచ్చి గేటు దగ్గర, తమ్ముడికి కనిపించేచోట నిలబడ్డాను. వాడు కారు మెల్లగా వెనక్కి తీశాడు.

చిల్లర కావాలని పిల్లవాడు గొంతు చించుకుని ఏడ్చాడు. కాళ్లు తన్నుకున్నాడు, అమ్మ చెంప మీద కొట్టాడు.

"దించే వాణ్ని, పండగపూట పిల్లోణ్ని ఏడిపిస్తాండావు" అంది పెద్దమ్మ.

మరదలు దించలేదు. కారు రోడ్డెక్కి, ఇంజను ఆగి, తమ్ముడు తలుపు తీసుకుని దిగేదాకా దించలేదు.