లోపలి గడియ

దొంగ ఇంట్లో దూరి చెయ్యి కోసి పోయినప్పటి నుంచి టైలరమ్మ మిషన్‌ను గోడవారకు జరుపుకుని, తలుపుకేసి చూస్తూ కుడుతుంది. సూదిలో దారం ఎక్కించేటప్పుడు కూడా ఒక కన్ను గడియ మీదే. బాధితులకిచ్చే ప్రభుత్వ సాయంతో చేతికి ఆపరేషన్ అయింది, తలుపుకు కొత్త తాళం వచ్చింది. "దొంగేమో బయట తిరుగుతున్నాడు, జైల్లో నువ్వున్నావు వదినా," అని ఆడపడుచు వేళాకోళమాడితే తనూ నవ్వి, గడియను మరోసారి తడిమి చూసుకుంటుంది.

ఇవాళ ఆ సాయం ఆఫీసు నుంచి వచ్చినావిడ, "భయానికి కూడా డాక్టరుందమ్మా. ఫీజూ, రానూపోనూ ఖర్చూ మావే. ఇప్పుడే వెళ్దాం రండి," అంది. టైలరమ్మ మొహం విప్పారింది. మంచి చీర కట్టుకుని, చెప్పులు వేసుకుంది. గడియ మీద చెయ్యి వేసి చాలాసేపు అలాగే నిలబడిపోయింది. తర్వాత చెప్పులు విడిచి, గోడవార సర్ది, మెల్లగా అడిగింది: "ఆ డాక్టరమ్మనే ఇక్కడికి పంపుతారా, అమ్మా?"