డాక్టరుకి పంపిన సీసా

పదేళ్లుగా మోస్తున్నాను. ఇంక మోయలేను. నా పేరు చెప్పను, మీరూ అడగకండి. ఈ జర్మనీ యుద్ధం రాకముందు, బిలాస్‌పూర్ రైల్వే క్వార్టర్లో ఉన్నప్పటి సంగతి. మా ఆయన ఇంజను డ్రైవరు.

ఆయన మూత్రం పోసిన చోట చీమలు పట్టేవి. రైల్వే డాక్టరు పరీక్ష చేసి చక్కెర ఉందన్నాడు. తీపి మానాలి, అన్నం తగ్గించాలి, ఇప్పటినుంచే జాగ్రత్తపడితే మూత్రపిండాలు పాడవకుండా కాపాడుకోవచ్చని నన్ను కూర్చోబెట్టి మరీ చెప్పాడు. మూడు నెలలకోసారి పొద్దుటి మూత్రం సీసాలో తెమ్మన్నాడు. నీలం మందులో కలిపి కాచినప్పుడు రంగు మారితే ఇంజనెక్కనివ్వనన్నాడు.

మూడు నెలలూ బియ్యం కొలిచి వండాను. సీసా ఇచ్చే ముందురోజు మళ్లీ చీమలు. ఇంజను లేకపోతే ఈయన ఏమైపోతాడని భయపడ్డాను. ఆయన కోసమేనా? డ్రైవరుగారి భార్యనని కుళాయి దగ్గర అందరూ తప్పుకుని నాకు దారిచ్చేవారు, ఆ దారి పోతుందన్న దిగులు కూడా ఆ భయంలో ఎంత కలిసిందో ఇన్నేళ్లు తవ్వుకున్నా నాకు తేలలేదు. మర్నాడు పొద్దున్న ఆయన స్నానానికి వెళ్లగానే సీసా పారబోసి, కడిగి, నా మూత్రం పట్టాను. ఈ ఒక్కసారికే అనుకున్నాను.

ఆయన గోల్ బజార్ నుంచి జిలేబీ పొట్లంతో వచ్చారు. రంగు మారలేదట. ఇంక కొలతలొద్దన్నారు. వద్దనాలంటే సీసా సంగతి చెప్పాలి. చెప్పలేదు. వడ్డించాను. అలా రెండేళ్లు, ప్రతిసారీ సీసా నేనే నింపాను.

ఒక పొద్దున్న కాళ్ల వాపుకి బూట్లు ఎక్కలేదు. డాక్టరు తన ఎదుటే మూత్రం పట్టించి కాచాడు. గుడ్డులోని తెల్లసొనలా గడ్డకట్టింది. మూత్రపిండాలు చెడిపోయాయన్నాడు. మొన్నటిదాకా ఏమీ లేదే అని పాపం తన కాగితాలే తిరగేసుకున్నాడు. నేను పక్కనే ఉన్నాను.

పోయే ముందు వారం, గోడకి ఆనుకుని ఆయాసపడుతూ ఆయన అన్నారు:

"ఆ డాక్టరు సరిగ్గా సూడనేదే. సక్కెర ఇంకా ఉందని ముందే సెప్పుంటే నాను నోరు కట్టుకుందును కదేటి?"

"అవునండీ. ఆ డాక్టరుదే తప్పు."

అన్నాను. నా నోటితోనే అన్నాను. ఆ మాట క్వార్టర్లన్నీ తిరిగింది. డాక్టరు తలెత్తుకోలేక బదిలీ చేయించుకుని వెళ్లిపోయాడు.

క్షమించమని ఎవరినడగను? మిమ్మల్నీ అడగడం లేదు. డాక్టరు సరిగ్గానే చూశాడు. ఆ సీసాలన్నీ నావి.